కులం - రక్తం - చరిత్ర

పూడూరులో నేను బడిపంతులుగా పనిచేస్తున్న రోజుల్లో మా ఊరి కిరాణా దుకాణం సేటు ఒకనాటి రాత్రి నన్ను తోడు పిలుచుకుని పట్నంలో ఒక ఆసుపత్రికి బయలుదేరాడు. కోడలికి కాన్పు కష్టమైంది, ఆపరేషను తప్పదన్నారు. కాగితాల మీద సంతకాలు పూర్తయినాక మత్తుమందు డాక్టరు వచ్చి, అడగవలసినవన్నీ అడిగి, చివరకు "మీరు ఏ కులం?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆసుపత్రిలో కూడా కులమేనా డాక్టరు గారూ?" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "సంబంధం కలుపుకోవడానికి అడగటంలేదు సార్. ఆర్యవైశ్యులైతే ఒక మందు వాడను, అందుకు అడిగాను" అన్నాడు. సేటు నా చెయ్యి పట్టుకుని, "ఊకో సారూ, ఆయన అడిగింది మన మంచికే. మా మేనబావకు ఆపరేషనైతే పొద్దుగూకేదాక ఊపిరి తిరగలే. మిషను మీద పెట్టిన్రు" అన్నాడు.

తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి చేరారు. కాని ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. కులం అడగటమే తప్పని నమ్మి, పిల్లలకు అదే నేర్పుతూ వచ్చినవాణ్ణి నేను. అటువంటిది, కులం అడగకపోవటమే ప్రమాదమయ్యే చోటు ఒకటి వున్నదా? వుంటే దాని అర్థమేమిటి? కులం రక్తంలోనే వున్నదని వాదించే సనాతనుల మాట గెలిచినట్టేనా? ఈ వ్యాసం ఆ రాత్రి మొదలైన ఆలోచనకు కొనసాగింపు.

ముందు విషయమేమిటో చూద్దాం. ఆపరేషను సమయంలో గొంతులోకి గొట్టం దించాలంటే ఒంట్లోని కండరాలు సడలాలి. అందుకు సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడుతారు. దీని కథే ఒక పాఠం. 1906లో అమెరికాలో రీడ్ హంట్, టావో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని జంతువుల మీద ప్రయోగించారు. కాని ఆ జంతువులకు అప్పటికే కురారే ఇచ్చి కండరాలను స్తంభింపజేసి వుంచటం వల్ల, ఈ మందు కండరాలను సడలిస్తుందన్న అసలు సంగతి వారి కంట పడలేదు. మళ్ళీ సుమారు నాలుగు దశాబ్దాలు గడిచాక గాని ఆ గుణం బయటపడలేదు. 1951 నుంచి అది ఆపరేషను గదుల్లోకి వచ్చింది. దాని గొప్పదనమంతా తొందరగా పనిచేసి తొందరగా దిగిపోవటంలో వున్నది. సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే రోగి తిరిగి తన ఊపిరి తాను తీసుకుంటాడు.

ఎందుకు దిగిపోతుంది? మన కాలేయం బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ ఎంజైము ఈ మందును విరగ్గొట్టి పారేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము లేనివారికి మందు ఇస్తే, నిమిషాల్లో దిగవలసిన దాని ప్రభావం గంటల తరబడి నిలుస్తుంది. రొమ్ము కండరాలు కదలవు. కృత్రిమంగా ఊపిరి అందించే యంత్రమూ, కనిపెట్టుకుని వుండే మనిషీ వుంటే ఏమీ కాదు. లేకపోతే ప్రాణం పోతుంది. టొరాంటోలో పనిచేసిన వెర్నర్ కాలో ఈ తేడా వంశపారంపర్యంగా వస్తుందని గ్రహించి, 1957లో దాన్ని గుర్తించే రక్తపరీక్షను ప్రకటించాడు. మందుకూ వంశానికీ వున్న సంబంధాన్ని చదివే శాస్త్రం స్థిరపడటానికి ఈ పరిశోధన ఒక పునాది.

మన దక్షిణదేశంలో ఆర్యవైశ్యులకు ఈ మందు పడదన్న సంగతి మత్తు డాక్టర్లు అనుభవం మీద తెలుసుకున్నారు. దానికి మూలమేమిటో 2006లో తేలింది. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోహరన్, బూపతి, అమెరికాలో నెబ్రాస్కాకు చెందిన ఒక్సానా లాక్‌రిడ్జ్ ప్రభృతులు కలిసి ఒక ఉత్పరివర్తనాన్ని కనుగొన్నారు. ఈ ఎంజైము 574 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 307వ స్థానంలో ల్యూసీన్ వుండవలసిన చోట ప్రోలీన్ చేరింది. జన్యువు రాతలో ఒక్క అక్షరం మారటం వల్ల జరిగిన మార్పు ఇది. ఆ ఒక్క పూసతో గొలుసు సరైన ఆకారంలో నిలవలేక ఎంజైము పనికిరాకుండా పోతుంది. ఈ శాస్త్రజ్ఞులలో కొందరే 2007లో ఈ ఎంజైము లేనివారి ఆరోగ్యాన్ని పరిశీలించి, మామూలు జీవితంలో వారికి ఏ లోపమూ లేదని చెప్పారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. తింటారు, తిరుగుతారు, వ్యాపారం చేస్తారు, పిల్లల్ని కంటారు. ఏ జబ్బూ లేదు. ఒక కొత్త మందు పుట్టి, అది సూదిలోకెక్కి, నరంలోకి దిగిననాడే ఈ 'వ్యాధి' పుట్టింది. కాబట్టి ఇది రక్తానికి అంటిన దోషం కాదు. ఒక శరీరానికీ ఒక చారిత్రక దశలో వచ్చిన వైద్యానికీ మధ్య ఏర్పడిన సంబంధం. మందు లేని కాలంలో ఈ జబ్బు కూడా లేదు.

సరే, ఈ మార్పు ఒక కులంలోనే ఎందుకు పోగుపడింది? ఈ ప్రశ్నకు జవాబు లెక్కలో వున్నది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవే వస్తేనే ఎంజైము లేకుండా పోతుంది. ఒక ప్రతి చెడినవాడు వాహకుడు మాత్రమే. ఉదాహరణకు ఒక సమాజంలో నూటికి ఇద్దరు వాహకులున్నారనుకుందాం. ఆలుమగలిద్దరూ వాహకులయ్యే అవకాశం రెండున్నర వేల జంటల్లో ఒక జంటకు. వారి బిడ్డల్లో నాలుగో వంతుకు మాత్రమే రెండు చెడ్డ ప్రతులూ వస్తాయి. అంటే పదివేల మందిలో ఒకరికి. ఇప్పుడు వాహకులు నూటికి ఇరవైమంది అనుకుందాం. అదే లెక్కన నూటికి ఒకరికి లోపం వస్తుంది. వాహకులు పదిరెట్లు పెరిగితే లోపం నూరురెట్లు పెరుగుతుంది. నేనిచ్చిన అంకెలు లెక్క కోసం ఊహించినవి. కాని ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకంటె సుమారు నూరురెట్లు ఎక్కువన్న శాస్త్రజ్ఞుల అంచనా వెనక వున్న తర్కం ఇదే.

వాహకులు పెరగటానికి కారణం మేనరికాలేనా? మేనరికం దీనికి తోడ్పడుతుంది, సందేహం లేదు. 1902లోనే ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ గారడ్, మూత్రం నల్లబడే ఆల్కాప్టోనూరియా అనే జబ్బు దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ వల్ల పుట్టిన పిల్లల్లో ఎక్కువని గమనించి, పుట్టుకతో వచ్చే జీవక్రియాలోపాలు అనే భావననే ప్రతిపాదించాడు. కాని వైశ్యుల విషయంలో మేనరికం ఒక్కటే కారణమైతే, మేనరికాలు చేసుకునే తెలుగు కులాలన్నిటిలోనూ ఇదే మార్పు ఇంత ఎక్కువగానే కనిపించాలి. అలా కనిపించటం లేదు. అసలు కారణం ఇంకా వెనక వున్నది. ఏనాడో కొద్దిమంది పూర్వీకుల గుంపు ఒకటి తలుపులు మూసుకున్నది. వారిలో ఎవరో ఒకరి ఒంట్లో ఈ మార్పు వున్నది. ఆ గుంపు సంఖ్యలో లక్షలకు పెరిగింది, ఊరూరికీ విస్తరించింది. కాని పెళ్ళి దగ్గరకు వచ్చేసరికి అదే మూసిన తలుపు. పోగైనది పోగైనట్టే మిగిలింది. సగోత్రులను విడిచి వేరే గోత్రంలో పిల్లను తెచ్చుకున్నా ఫలితం లేదు, ఎందుకంటే ఆ గోత్రాలన్నీ ఆ కొద్దిమంది సంతానమే.

ఇక్కడే వైద్యం ముగిసి చరిత్ర మొదలవుతుంది.

2009లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ కలిసి భారతీయ సమూహాల జన్యువులను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. వైశ్యుల పూర్వీకుల గుంపు అలా కుంచించుకుపోయింది నూరు తరాలకు పూర్వమని అందులో అంచనా వేశారు. తరానికి పాతికేళ్ళు వేసుకున్నా రెండున్నరవేల సంవత్సరాల మాట. అన్నేళ్ళుగా బయటినుంచి చెప్పుకోదగ్గ సంఖ్యలో ఎవరూ వచ్చి కలవలేదు. కలిసివుంటే ఆ గుర్తు చెరిగిపోయి వుండేది. 2013లో ఇదే బృందంవారు మరో విషయం చూపించారు. సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ వెనకటి వరకు ఈ దేశంలో జనసమూహాలు విరివిగా కలిసిపోయాయి. ఆ కలయిక గుర్తులు లేని సమూహం ఉపఖండంలో దాదాపు లేదు. ఆ తర్వాత కలయిక తగ్గి, అంతర్వివాహం గట్టిపడింది. 2016లో పార్థ మజుందార్ ప్రభృతులు ఆ కలయిక చాలా సమూహాల్లో డెబ్భై తరాల క్రితం ఆగిందన్నారు.

ఈ ఫలితాలు రెండు వాదాలను ఒకేసారి దెబ్బతీస్తున్నవి. మొదటిది సనాతన వాదం: వర్ణాలు సృష్ట్యాది నుంచి వేరువేరుగా వున్నవని. అది అబద్ధం. అందరూ కలిశారు, కలిసిన తర్వాతే విడదీయబడ్డారు. రెండవది మన శిబిరంలో కూడా కొందరికి ప్రీతిపాత్రమైన వాదం: కులం ఇంత బిగువుగా తయారైంది ఇంగ్లీషువాళ్ళ జనాభా లెక్కల వల్లనేనని. వలస ప్రభుత్వం కులాన్ని కాగితం మీదికెక్కించి, గట్టిపరచి, తన పాలనకు వాడుకున్నమాట నిజమే. కాని రెండువేల ఏళ్ళ మూసిన తలుపును రెండువందల ఏళ్ళ దొరతనం మూయలేదు. వలసవాదం మీద నేరం మోపే తొందరలో మన సొంత పాపాన్ని మరిచిపోకూడదు.

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇరవైఅయిదేళ్ళ అంబేద్కర్ చదివిన వ్యాసం సారాంశం ఇదే. కులానికి ప్రాణం వృత్తి కాదు, అంటు కాదు, సహపంక్తి కాదు. అంతర్వివాహమే కులానికి జీవలక్షణమని ఆయన నిర్ధారించాడు. ఆయన చేతిలో జన్యుపరీక్షలు లేవు, చరిత్రను చూసే చూపు వున్నది. నూరేళ్ళ తర్వాత ప్రయోగశాల ఆ మాటకే సాక్ష్యం పలికింది. అలాగే మార్క్సిస్టు చరిత్రకారుడిగా మనం గౌరవించే డి. డి. కోశాంబి, 1944లో జన్యువుల మధ్య దూరాన్ని అంచనా వేసే గణితసూత్రాన్ని ఇచ్చాడు. దాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చరిత్రా, గణితమూ, జీవశాస్త్రమూ ఒకే మనిషిలో ఇమిడినవి. మన విద్యార్థులు వాటిని మూడు గదుల్లో పెట్టి తాళం వేయటం విచారకరం.

అయితే జన్యువులు చెప్పేదానికి ఒక హద్దు వున్నది. తలుపు మూసినమాట అవి చెబుతాయి. ఎవరు మూశారో, ఎందుకు మూశారో చెప్పవు. ఈ ఖాళీని పురాణంతో పూడ్చాలన్న ఆశ సహజం. పెనుగొండ వాసవీ కన్యక కథ మనందరికీ తెలిసిందే: రాజు కామానికి లొంగక కన్యక అగ్నిప్రవేశం చేయటం, ఆమెతో 102 గోత్రాలవారు అడుగువేయటం, మిగిలినవారు విడిపోవటం. ఒక గుంపు చిన్నదై, వేరుపడి, లోపలికి ముడుచుకున్న కథే ఇది. జన్యువుల మాటకు ఇంత దగ్గరగా కనబడేసరికి, ఇదే అదని కొందరు తృప్తిపడతారు. తొందరపడరాదు. ఆ కథ చెప్పే రాజులూ కోటలూ మధ్యయుగానికి చెందినవి. జన్యువుల అంచనా అంతకు వెయ్యేళ్ళకు పైగా వెనకటిది. గురజాడ 'కన్యక'లో ఈ గాథ రాజదౌర్జన్యం మీద ధిక్కారమైంది. గాథకు అటువంటి సత్యం వుంటుంది. తేదీలు దాన్ని అడగకూడదు.

కారణాన్ని వెతకవలసింది ఆర్థికజీవితంలోనే అని నా అభిప్రాయం. వర్తకం నడిచేది నమ్మకం మీద. దూరదేశంలో సరుకు అప్పగించటానికీ, అప్పు ఇవ్వటానికీ, ముంచి పారిపోకుండా పట్టుకోవటానికీ కోర్టులు లేని కాలంలో బంధుత్వమే హామీ. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించవలసి వచ్చిందంటే, అంతకుముందు వారి సరుకుకు రాజుల నుంచే ఎంత భయముండేదో ఊహించవచ్చు. అటువంటి లోకంలో ఆస్తి బయటికి పోకుండా, రహస్యం పొక్కకుండా కాపాడే పెట్టె పెళ్ళి. పైనుంచి ధర్మశాస్త్రం ఆ పెట్టెకు ముద్ర వేసింది. ఆ పెట్టెలో ధనంతోపాటు 307వ పూస కూడా తరతరాలకు భద్రంగా అందింది. ఏ పితామహుడూ వీలునామాలో రాయని ఆస్తి అది.

ఇంతకీ ఇది ఒక్క కులం కథ అనుకుంటే పొరపాటు. 2017లో తంగరాజ్, రైక్ ప్రభృతులు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా వ్యక్తుల జన్యువులను పోల్చిచూశారు. వాటిలో 81 సమూహాలు, అరుదైన వంశవ్యాధులకు పేరుబడ్డ ఐరోపా యూదులూ ఫిన్లండువారికన్న ఇరుకైన మూలం నుంచి పుట్టినవని తేలింది. ఈ ఇరుకుతనంలో ధనిక కులాలూ వున్నవి, పేద కులాలూ వున్నవి. వైశ్యులతోపాటు వడ్డెల పేరు కూడా ఆ పట్టికలో వున్నది.

ఇక్కడ వర్గదృష్టి లేనిదే విషయం అర్థం కాదు. వైశ్యుల లోపానికి పేరు దొరికింది, అంకె దొరికింది, జన్యువు దొరికింది. కారణం సుస్పష్టమే: ఆ లోపం ఆపరేషను గదిలో బయటపడుతుంది, అక్కడిదాకా పోగల స్తోమత వారికి కొంతైనా వున్నది. తాండూరు గనుల్లో బండలు తీసే కుటుంబంలో పాలు తాగి తాగి మందగించి మూడో నెలలో పోయిన బిడ్డ జబ్బుకు పేరు ఎవరు పెడతారు? 'గాలి సోకింది' అంటారు, తల్లిని ఆడిపోసుకుంటారు. హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల రక్తాన్ని పరీక్షించి, సుమారు ప్రతి వెయ్యిమందిలో ఒకరికి పుట్టుకతో వచ్చే జీవక్రియాలోపం వున్నదని 2004లో డాక్టర్ రాధా రమాదేవి ప్రభృతులు ప్రకటించారు. మడమ నుంచి ఒక బొట్టు రక్తం చాలు. అమెరికాలో గత్రీ పరీక్ష పేరుతో ఇది 1960ల నుంచి జరుగుతున్నది. వీటిలో కొన్నిటికి కేవలం ఆహారం మారిస్తే బిడ్డ బతికి బాగుపడుతుంది.

మనవాళ్ళు చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. వంశపారంపర్యమన్న మాట వినగానే అది ప్రతిగామి శాస్త్రమని తోసిపుచ్చే అలవాటు మనలో ఒకనాడు బలంగా వుండేది. 1948లో సోవియట్ దేశంలో లైసెంకో వాదాన్ని ప్రభుత్వ సిద్ధాంతం చేశారు. అంతకు ముందే, 1943లో, మహాశాస్త్రజ్ఞుడు వావిలోవ్ సరాటోవ్ జైల్లో మరణించాడు. జన్యువులను కాదనటం వల్ల పంటలు పెరగలేదు, సోషలిజం బలపడలేదు. బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన జె. బి. ఎస్. హాల్డేన్ సైతం ఈ వివాదంలో నలిగి, 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, కలకత్తాలో పనిచేసి, 1962లో భువనేశ్వర్ చేరి, 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు రాసియిచ్చాడు. ఆయన శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి 1960 ప్రాంతంలో ఆంధ్రదేశపు మేనరికాల మీద చేసిన పరిశోధన ఈ రంగంలో తొలి అడుగుల్లో ఒకటి. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో వుండవలసింది.

రెండవ ప్రమాదం దీనికి ఎదురు దిశలో వున్నది. 1933లో హిట్లర్ ప్రభుత్వం వంశదోషాల పేరుతో మనుషులను బలవంతంగా గొడ్రాళ్ళను చేసే చట్టం తెచ్చింది. జన్యువు పేరెత్తి మనిషిని తక్కువచేసే ఏ మాటనూ మనం సహించరాదు. వడ్డీవ్యాపారాన్ని విమర్శించే హక్కు మనకున్నది, ఒకరి రక్తాన్ని నిందించే హక్కు ఎవరికీ లేదు. మా వికారాబాదు పక్కన అనంతగిరి కొండమీద క్షయ ఆసుపత్రి వున్నది. ఒకనాడు క్షయను కూడా వంశానికంటిన శాపమనేవారు. 1882లో కాక్ సూక్ష్మజీవిని చూపించిన తర్వాత గాని ఆ నింద తప్పలేదు. అలాగని ఆరోగ్యం కోసం కులాంతర వివాహం చేసుకోమని నేను ప్రచారం చేయను. పశువుల సంతలా పెళ్ళిని లెక్కకట్టడం మన పని కాదు. ఒకరినొకరు కోరుకున్న ఇద్దరికి అడ్డువచ్చే గోడను కూల్చటం మన పని. గోడ కూలిన తర్వాత జబ్బు తగ్గటం అదనపు లాభం.

ఇక ఆ డాక్టరు ప్రశ్న. ఆనాడు నాకు కోపం వచ్చింది; తర్వాత సిగ్గువేసింది; ఇప్పుడు రెండూ పూర్తిగా సరైనవి కావని తెలిసింది. ఆయన మా సేటు కోడలి ప్రాణం గురించి ఆలోచించాడు, అందుకు కృతజ్ఞుణ్ణి. కాని వైశ్యుల్లో కూడా ఎక్కువమందికి ఈ లోపం లేదు. వేరే కులంలో పుట్టి ఈ లోపం వున్నవారూ వుండవచ్చు. వారిని కులం అడిగి ప్రయోజనం లేదు. రక్తంలో ఆ ఎంజైము ఎంత వున్నదో కొలిచే పరీక్ష వున్నది, అది పెద్ద పరీక్ష కూడా కాదు. పురుగుమందు తాగినవారికి చేసేది కూడా అదే పరీక్ష. పత్తి పండించే మన జిల్లాలో ఆ పరీక్షతో ఎంత అవసరమో వేరే చెప్పాలా? పరీక్ష అందుబాటులో లేనిచోట డాక్టరు కులం అడుగుతాడు. కులం అక్కడ పరీక్షకు బదులు వాడే మొరటు కొలబద్ద, అంతే.

కాబట్టి అడగవలసిన పని మనది. తాలూకా ఆసుపత్రిలో ఆ పరీక్ష కావాలి. ప్రతి బిడ్డ మడమ నుంచి ఒక రక్తపుబొట్టు తీసి చూడాలి. 2021లో కేంద్రప్రభుత్వం అరుదైన వ్యాధుల విధానాన్ని ప్రకటించి, హైదరాబాదులో నిమ్స్‌తో కలిసి సి.డి.ఎఫ్.డి.ని ఒక కేంద్రంగా నిర్ణయించింది. ఆ కేంద్రం తలుపు బండలు కొట్టే మనిషికి కూడా తెరుచుకోవాలి. ఒకరి జన్యువుల సమాచారం బీమా కంపెనీల చేతికీ పెళ్ళిళ్ళ పేరయ్యల చేతికీ పోకుండా కాపు కాయాలి.

ఆ రాత్రి పుట్టిన పిల్ల ఇప్పుడు మా బడికే వస్తున్నది. మొన్న జీవశాస్త్రం పాఠంలో నేను బోర్డు మీద ఆ లెక్క వేసి చూపించాను: నూటికి ఇద్దరు, నూటికి ఇరవై. వెనక బెంచీ మీద వడ్డెరల పిల్లవాడు లేచి, "మా దాంట్ల ఎంతమంది సారూ?" అని అడిగాడు. ఎవరూ లెక్కపెట్టలేదురా అన్నాను. "ఎందుకు లెక్కపెట్టలే?" అన్నాడు.

ఆ పిల్లవాడి ప్రశ్న డాక్టరు ప్రశ్నకంటె పెద్దది. దానికి జవాబు చెప్పవలసినవాళ్ళం మనమే.